ట్రాక్టర్‌కి పని కావలెను

మనిషి చిన్న ట్రాక్టర్ ఎందుకు కొంటాడన్న విషయంలో ఇంతవరకూ ఎవరూ నిజం చెప్పలేదు. పని తగ్గుతుందంటారు, టైమ్ కలిసొస్తుందంటారు, నడుం నొప్పి పోతుందంటారు. నేనూ ఇంట్లో అవే చెప్పాను, అదీ ఉత్త నోటి మాటగా కాదు, రెండెకరాల గడ్డి కోతకి ఎన్ని గంటలు, పారతో మట్టి ఎత్తితే ఎన్ని రోజులు అని కాగితం మీద లెక్కగట్టి మరీ చెప్పాను. మా ఆవిడ అంతా ఓపిగ్గా విని, "కొనుక్కోండి, ఆ కాగితం మాత్రం ఇలా ఇవ్వండి" అంది. కాగితం బీరువాలో భద్రంగా చేరింది. పెళ్లి ఫొటోల పక్కన.

కొనే ముందు మూడు నెలలు హార్స్ పవర్ గురించే ఆలోచించాను. పాతికా, ముప్ఫై అయిదా? ఈ ప్రశ్నతో నిద్ర పట్టని రాత్రులున్నాయి. తర్వాత తెలిసిందేమిటంటే ఇంజన్ మీద రాసిన హార్స్ పవర్ వేరు, వెనక పనిముట్లని తిప్పే పీటీఓ షాఫ్ట్ దగ్గరికి వచ్చేది వేరు. మొత్తం జీతానికీ చేతికొచ్చే జీతానికీ ఉండే తేడా లాంటిదే ఇది. మట్టిని గుల్ల చేసే రోటవేటరైనా, గడ్డి కోసే మిషనైనా తిరిగేది ఆ రెండో దాని మీదే. పనిముట్టుని పైకి లేపే వెనక లిఫ్ట్ ఎత్తే బరువుదీ ఇదే కథ. లిఫ్ట్ చేతుల చివర ఎత్తగలిగేది ఒకటి, అక్కడి నుంచి 24 అంగుళాలు వెనక్కి పోతే ఎత్తగలిగేది అంతకంటే తక్కువ. తగిలించే పనిముట్టు బరువంతా ఆ వెనకే ఉంటుంది. కరపత్రంలో పెద్ద అక్షరాల్లో ఉండేది ఏ అంకె అనేది మీరే ఊహించండి.

గేర్లదా, హైడ్రోస్టాటిక్‌దా అన్నది ఇంకో మహాయుద్ధం. హైడ్రోస్టాటిక్‌లో, అంటే గేర్లకి బదులు నూనె ఒత్తిడితో నడిచేదాంట్లో, పెడల్ తొక్కడమే, ముందుకో వెనక్కో పోతుంది, క్లచ్‌తో కుస్తీ ఉండదు. కాకపోతే కొంచెం పవర్ తినేస్తుంది. గేర్ల బండిలో ఆ నష్టం తక్కువ, కానీ బండి ముందుండే లోడర్ బకెట్‌తో మట్టి ఎత్తేటప్పుడు నిమిషానికి నాలుగుసార్లు ముందుకూ వెనక్కీ మారుస్తుంటే ఎడమ కాలు ఏడుస్తుంది. నేను గేర్లది కొన్నాను. మగతనం అనుకున్నాను అప్పుడు. ఇప్పుడు మోకాలికి నూనె రాసుకుంటున్నాను.

ఇక పనిముట్లు. వెనక ఏమీ తగిలించని ట్రాక్టర్ అంటే బాగా శబ్దం చేసే కుర్చీ, అంతే. దాని మీద కూర్చుని అటూ ఇటూ తిరగొచ్చు, నేను మొదటి వారమంతా అదే చేశాను. తర్వాత రోటవేటర్ వచ్చింది, లెవెలర్ బ్లేడు వచ్చింది, గడ్డి మిషన్ వచ్చింది. ఏనుగుని కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడితే బాగుండదు కదా.

మొదటి రోజు సంగతి. ఇంటిల్లిపాదీ చూస్తుండగా మేకపోతు గాంభీర్యంతో ఎక్కి కూర్చుని తాళం తిప్పాను. చప్పుడు లేదు. మళ్లీ తిప్పాను. లేదు. దిగి, బానెట్ ఎత్తి, ఇంజన్‌కేసి చాలాసేపు సీరియస్‌గా చూశాను (బానెట్ ఎత్తినవాడికి ఏమీ తెలియకపోయినా గౌరవం ఉంటుంది). బ్యాటరీ వైర్లు రెండూ పట్టుకుని కదిపాను. పక్క తోట పెద్దాయన గట్టు మీద నుంచి అంతా చూసి చూసి, "బాబూ, ఆ పసుపు లివర్ వెనక్కి లాగు, క్లచ్ తొక్కు, అప్పుడు తిప్పు" అన్నాడు. పీటీఓ ఆన్‌లో ఉంటే స్టార్ట్ కానివ్వకుండా దానికో స్విచ్ ఉంటుందట. నాకంటే తెలివైన స్విచ్.

అసలు విద్య మాత్రం రోటవేటర్ తగిలించడంలో ఉంది. ఐర్లండ్‌లో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ అనే ఆయన పుణ్యమా అని వచ్చిన మూడు చేతుల పద్ధతి ఇది. కింద రెండు చేతులు, పైన ఒక టాప్ లింక్. 1939లో ఫోర్డ్‌తో కలిసి ఆ ట్రాక్టర్ బయటపెట్టినప్పుడు, ఎంత సులువో చూపించడానికి ఒక చిన్న కుర్రాడిని ఎక్కించి దున్నించారు. నాకు నలభై ఆరేళ్లు. నా అనుభవం ఇలా ఉంది.

వెనక్కి వచ్చాను. ఎడమ చెయ్యి రోటవేటర్ పిన్నుకి రెండంగుళాలు కిందుంది. ఎక్కి, లిఫ్ట్ కొంచెం లేపి, దిగాను. ఇప్పుడు ఎత్తు సరిపోయింది కానీ బండి అంగుళం పక్కకుంది. ఎక్కి జరిపి దిగాను. ఎడమది దూరింది. పిన్ను పెట్టాను. కుడిది చూస్తే పిన్నుకి పైన గాల్లో ఉంది. నేల వాలుగా ఉందని, ఆ నేలని చదును చేయడానికే ఈ బండి కొన్నానని అప్పుడు గుర్తొచ్చింది. రోటవేటర్ని కాలితో తన్నాను, అది కదల్లేదు, కాలే కదిలింది. కుడి చేతికి ఒక తిప్పుడు హ్యాండిల్ ఉంటుందనీ, దాంతో ఎత్తు సర్దుకోవచ్చనీ, అందుకే ముందు ఎడమది, తర్వాత కుడిది, చివర్న టాప్ లింక్ అనీ పెద్దాయన చెప్పేసరికి చీకటి పడింది. షాఫ్ట్ పళ్లు ఇంకా కలవలేదు. చొక్కా ముందు గ్రీజు, వెనక గ్రీజు. మా ఆవిడ ఫోన్‌లో టైమ్ చూసి ఏమీ అనకుండా లోపలికి వెళ్లింది. అనకపోవడమే ఎక్కువ టెన్షన్.

ఆ షాఫ్ట్ దగ్గర మాత్రం నేను వేళాకోళం చేయను. నిమిషానికి 540 చుట్ల వేగం అంటే సెకనుకి తొమ్మిది చుట్లు. చొక్కా అంచు చిక్కితే "అయ్యో" అనే టైమ్ కూడా ఉండదు. ఇంజన్ ఆపకుండా దాని దగ్గరికి పోవద్దు. ఇంకో రోజు ఎండిపోయిన చెట్టు మోడు పీకుదామని టాప్ లింక్ కొక్కేనికి గొలుసు కడుతుంటే పెద్దాయన ఈసారి బాబూ అనలేదు, గట్టు దూకి వచ్చి తాళం పీక్కున్నాడు. అంత ఎత్తులో కట్టి లాగితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుందట, రెండు సెకన్లు కూడా పట్టదట. తిరగబడినా మనిషి నలగకుండా ఉండడానికే సీటు వెనకున్న ఇనుప చట్రం. అయితే బెల్టు పెట్టుకోనివాడికి ఆ చట్రం పెద్దగా పనికిరాదు. స్వీడన్‌లో 1959లోనే కొత్త ట్రాక్టర్లకి ఆ చట్రం తప్పనిసరి చేశారు. నేను దాన్ని అప్పటిదాకా తువ్వాలు ఆరేసుకోవడానికి వాడాను.

బకెట్ గురించి ఒక్క మాట. నిండా మట్టితో, ఊరందరికీ కనిపించేంత ఎత్తున లేపి, వాలులో మలుపు తిప్పాను. వెనక చక్రం ఒకటి నేలని వదిలేసింది. అప్పట్నుంచి నా బకెట్ మోకాలి ఎత్తు దాటదు, వెనక ఏదో ఒక బరువు లేకుండా మట్టి ముట్టను.

ఇప్పుడు అసలు సమస్య. చేయాల్సిన పనంతా పది రోజుల్లో అయిపోయింది. గడ్డి కోసేశాను. నేల చదును చేశాను, తర్వాత మరీ చదునుగా ఉందనిపించి కొంచెం వాలు పెట్టాను. ఎరువు కుప్పని తూర్పు మూల నుంచి పడమటి మూలకి మార్చాను, వారం ఆగి గాలి సరిగ్గా రావట్లేదని మళ్లీ తూర్పుకి తెచ్చాను. రెండు పూల కుండీలు పక్కకి జరపమని మా ఆవిడ అడిగితే బకెట్‌తో జరిపాను. ఇప్పుడు ఒక పూల కుండీ ఉంది.

నిన్న బీరువాలోంచి ఆ కాగితం బయటికొచ్చింది. "నెలకి ఇరవై గంటలు మిగులుతాయి" అని నా చేతిరాతే. మీటర్‌లో చూస్తే నలభై ఎనిమిది గంటలు తిరిగింది బండి. యాభైకి మొదటి సర్వీసు, ఆయిల్ మార్చాలి. ఆ రెండు గంటల పని ఎక్కడా దొరకట్లేదు. మీలో ఎవరికైనా ఒక చోటు నుంచి ఇంకో చోటికి జరపాల్సిన మట్టి కుప్ప ఉంటే దయచేసి చెప్పండి, వెంటనే వస్తాను. రోటవేటర్ పని మాత్రం అడగొద్దు, నిన్న సాయంత్రమే విప్పాను.