బరంపురం టికెట్టు ముందు అమ్మకి చూపించండి

"ఏట్రా, శియాల్దా ఏటి? మన బళ్ళు హౌరా నుంచి కదా వస్తాయి?"

కోల్‌కతాలో ఆ రెండూ వేర్వేరు స్టేషన్లు. వీడియో కాల్‌లో అమ్మ ఈ మాట అడగకపోతే మా తమ్ముడు పెళ్ళాం పిల్లలతో వేరే ఊళ్ళో దిగేవాడు. కోల్‌కతాలో స్నేహితుడి పెళ్ళి చూసుకుని, అటునుంచి బరంపురం రావాలని ప్లాన్. ఫోన్‌లో 'బెర్హంపూర్' అని కొడితే బెర్హంపోర్ కోర్ట్ అనే స్టేషన్ వచ్చింది, వాడు నాలుగు టికెట్లు తీసేశాడు. అది బెంగాల్లోని ముర్షిదాబాద్ జిల్లాలో, కోల్‌కతాకి ఉత్తరాన ఉన్న ఊరు. మన బరంపురం ఒడిశాలోని గంజాం జిల్లాలో, హౌరా నుంచి దక్షిణానికి సుమారు 600 కిలోమీటర్లు. రైల్వే వాళ్ళ లెక్కలో మన స్టేషన్ పేరు బ్రహ్మపూర్, కోడ్ బీఏఎం. చేతిలో మూడు రోజులే ఉండటంతో తత్కాల్‌లో మళ్ళీ తీసుకుంటే పిల్లలొక బోగీలో, పెద్దలొక బోగీలో వచ్చారు. కోరాపుట్ జిల్లా జయపురం వాళ్ళకీ ఇదే తిప్పలు. విమానం టికెట్లు వెతికేటప్పుడు స్పెల్లింగ్ కాస్త అటూ ఇటూ అయితే రాజస్థాన్ జైపూర్ వచ్చి కూర్చుంటుంది.

అమెరికాలో ఉంటున్న మనం వేరే దేశం చూడ్డానికి వెళ్ళాలంటే ఆరు నెలల ముందునుంచే వాతావరణం చూస్తాం, పండగలు చూస్తాం, ఏ రోజు ఏది మూసి ఉంటుందో రాసుకుంటాం. సొంతూరికి వచ్చేసరికి "మన ఊరే కదా" అనేస్తాం. మన సెలవుల్ని పాడు చేస్తున్నది ఈ మాటేనని నా అభిప్రాయం. ఊరు మనదే, కాదనను. కానీ ఇరవై ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఉంటున్నది మనం కాదు. ఏ నెలలో ఏ రోడ్డు మునుగుతుందో, ఏ వారం రైళ్ళు కిక్కిరిసిపోతాయో అక్కడున్న అమ్మకి, చిన్నాన్నకి, పక్కింటి వాళ్ళకి తెలుసు. మనం మాత్రం టికెట్లన్నీ తీసుకున్నాకే వాళ్ళకి ఫోన్ చేస్తాం.

దసరా సంగతే తీసుకోండి. పండక్కి ఇంటికి వెళ్ళాలని ఎవరికుండదు? కానీ గంజాం, గజపతి జిల్లాల వాళ్ళకి అక్టోబరు అంటే తుపాను నెల కూడా. 2013లో సరిగ్గా దసరా రోజుల్లో, అక్టోబరు 12 రాత్రి, ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018లో అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటి గజపతి జిల్లాని వరదలతో, కొండచరియలతో అతలాకుతలం చేసింది. ఆ రెండూ నవరాత్రుల్లోనే వచ్చాయి. విశాఖకైనా భువనేశ్వర్‌కైనా మనకున్నది హౌరా–చెన్నై లైనూ, దాని పక్కనే హైవే. గాలివాన వస్తే రెండూ ఒకేసారి ఆగిపోవచ్చు. అందుకని అక్టోబరులో వెళ్ళొద్దని నేననను. తిరుగు విమానానికి రెండు రోజుల ముందే విశాఖకో భువనేశ్వర్‌కో చేరేలా ప్లాన్ వేసుకోండి అంటాను. ఆ రెండు రోజుల హోటల్ ఖర్చు దండగ అనుకునేవాళ్ళు, విమానం తప్పితే నలుగురికి కొత్త టికెట్లు ఎంతవుతాయో ఒకసారి లెక్క వేసుకోవాలి.

జూన్, జులైల్లో పిల్లల బడి సెలవులు కాబట్టి మనలో ఎక్కువమంది అప్పుడే వెళ్తాం. సరిగ్గా ఆ రోజుల్లోనే పూరీ రథయాత్ర వస్తుంది, భువనేశ్వర్ వైపు రైళ్ళూ హోటళ్ళూ నిండిపోతాయి. చిలికా సరస్సులో వలస పక్షుల్ని చూపిస్తానని పిల్లలకి మాటిచ్చి జులైలో తీసుకెళ్తే నీళ్ళు తప్ప ఏమీ కనిపించవు. అవి వచ్చేది చలికాలంలో, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఋషికుల్య నది దగ్గర తాబేళ్ళు గుడ్లు పెట్టేది ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిల్లో. బరంపురం ఠాకురాణి అమ్మవారి యాత్ర చైత్రంలో, అదీ రెండేళ్ళకోసారి. అన్నీ ఒకే ట్రిప్పులో చూడటం కుదరని పని. ఈసారి దేనికోసం వెళ్తున్నామో ఒకటి అనుకుని, దాన్నిబట్టి నెల ఎంచుకోవాలి.

చిన్నవే గానీ ప్రాణం తీసే తప్పులు ఇంకో రెండున్నాయి. అర్ధరాత్రి 12 దాటాక 20 నిమిషాలకి వచ్చే బండికి టికెట్టు మీద 14వ తేదీ అని ఉంటే, 13 రాత్రి భోంచేసి స్టేషన్‌కి బయల్దేరాలి. రెండోది ఇంటిపేరు. పాస్‌పోర్టులో పూర్తిగా ఉండి టికెట్టు మీద పొడి అక్షరం ఉంటే, చెక్‌-ఇన్ కౌంటర్ దగ్గర ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

అన్నిటికన్నా పెద్ద తప్పు నేను చేసింది. కిందటిసారి 16 రోజులకి వెళ్ళాను. తప్తపాణి, జిరంగ్ బౌద్ధ మఠం, తారాతారిణి, పర్లాకిమిడిలో చుట్టాలు, పట్టుచీరల బజారు, మధ్యలో తిరుపతి. ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. తిరిగొచ్చాక లెక్క చూసుకుంటే, ఇంట్లో కూర్చుని మధ్యాహ్నం భోంచేసింది నాలుగు రోజులు. అమ్మ రోజూ సాయంత్రం వీధి అరుగు మీద రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసేదట. ఒకటి తనకి, ఒకటి నాకు. చీకటి పడ్డాక నా కుర్చీ లోపల పెట్టేసేదట. ఈ సంగతి నాకు మా మరదలు చెప్పింది, అమ్మ చెప్పలేదు. ఆ రోజునుంచి నా ప్లాన్‌లో ముందు రాసుకుంటున్నది ఖాళీ రోజులు. రెండు వారాల్లో ఐదు రోజులైనా ఎక్కడికీ వెళ్ళనివి ఉండాలి. మిగిలిన రోజుల్లో ఏది పడితే అది చూద్దాం, పట్టకపోతే మానేద్దాం.

ఈ డిసెంబరు ప్రయాణం అమ్మతో కలిసే ప్లాన్ చేశాం. నేను చెప్పిన తేదీలు ఆవిడ గోడ మీది క్యాలెండర్‌లో పెన్సిల్‌తో చుట్టింది. కోల్‌కతాలో దిగి, 20న హౌరాలో బండెక్కుతాం. రిజర్వేషన్ ఇప్పుడు 120 రోజుల ముందు ఇవ్వడం లేదు, 2024 నవంబరు నుంచి 60 రోజులే. అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టి అక్టోబరు 21 అంది. అక్కడ ఉదయం 8 గంటలకి తెరుస్తారు, అంటే న్యూజెర్సీలో మాకు 20వ తేదీ రాత్రి పదిన్నర. ఆ టైమ్‌కి ఫోన్ చేస్తానంది. స్టేషన్ పేరు తను చదివి సరే అన్నాకే డబ్బు కట్టాలట.