గంట కొట్టాక ఆలోచన చెల్లదు

ఉన్నత పాఠశాల దినసరి టైంటేబుల్‌ను మొదటినుంచీ తిరగదోడి, కాలానికి తగినట్టు సంస్కరించేందుకు వేసిన సంఘంలో నేనూ ఒక సభ్యుణ్ణి. మా నివేదిక ఇంకా ముద్రణలోనే ఉంది. అయినా అందులోని నిర్ణయాల మీద అప్పుడే అపోహలు బయలుదేరినందున, బాధ్యత గల సభ్యుడిగా వాటిని ముందుగానే సమర్థించుకోవడం నా కర్తవ్యంగా భావిస్తున్నాను.

బడి ఉదయం ఏడున్నరకే మొదలుకావడం సబబా కాదా అన్నది మా ముందున్న మొట్టమొదటి అంశం. దీన్ని చర్చించేందుకు తొలి సమావేశాన్ని కూడా ఏడున్నరకే పెట్టుకుందామని ఒక సభ్యురాలు సూచించారు. అంత పొద్దున్నే గంభీరమైన ఆలోచన సాగదని తక్కినవారందరూ ఏకకంఠంతో చెప్పడం వల్ల సమావేశం పదకొండు గంటలకు మారింది. పదకొండింటికి తీరిగ్గా కూర్చుని, పిల్లలు ఏడున్నరకు బీజగణితం నేర్చుకోవడంలో ఇబ్బందేమీ లేదని తేల్చాం.

శాస్త్రజ్ఞుల మాట వేరుగా ఉందన్నది నిజమే. యుక్తవయస్సు వచ్చేసరికి నిద్రను పిలిచే మెలటోనిన్ రాత్రి పొద్దుపోయాక గాని స్రవించదనీ, దేహంలోని గడియారం రెండు గంటల దాకా వెనక్కి జరుగుతుందనీ, 13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలనీ వారు అంటారు. అక్కడి పిల్లల వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అయితే 2014లో మరో అడుగు ముందుకు వేసి, ఈ వయసు పిల్లలకు ఉదయం 8:30కు ముందు బడి పెట్టవద్దని కోరింది. అమెరికాలోని సియాటిల్ నగరం ఆ మాట విని, 2016లో ఉన్నత పాఠశాలల ప్రారంభ వేళను 7:50 నుంచి 8:45కు జరిపింది. పిల్లల మణికట్లకు పరికరాలు కట్టి కొలవగా, వాళ్లు రోజుకు సుమారు 34 నిమిషాలు అదనంగా నిద్రపోయారని 2018లో వెలువడిన అధ్యయనం తెలిపింది. ఇది చదివి మా సంఘం నివ్వెరపోయింది. ఉదారంగా 55 నిమిషాలు మంజూరు చేస్తే 34 నిమిషాలే వినియోగమయ్యాయి. మిగిలిన 21 నిమిషాలకు ఎవరు జవాబుదారీ?

కాలిఫోర్నియాలో ఇది చట్టం దాకా వెళ్లింది. ఉన్నత పాఠశాలలు 8:30 కన్నా ముందు మొదలుకాకూడదంటూ 2019లో చేసిన శాసనం 2022 జూలై నుంచి అమలులోకి వచ్చింది. మా సంఘంలోని అందరికన్నా పెద్దాయన ఈ వార్త విని చాలాసేపు మౌనంగా ఉండి, "మా రోజుల్లో మేము ఏ చట్టమూ లేకుండానే క్లాసులో నిద్రపోయేవాళ్లం" అన్నారు. ఆ మాటను మినిట్స్‌లో యథాతథంగా రాసుకున్నాం.

నిజానికి బడి ఆలస్యంగా తెరవడానికి అసలు అడ్డంకి చదువు వైపునుంచి రాలేదు, బస్సు వైపునుంచి వచ్చింది. అవే బస్సులు ముందు పెద్ద పిల్లలను దింపి, తిరిగి వెళ్లి చిన్న పిల్లలను ఎక్కించుకోవాలి. చిన్న పిల్లలు తెల్లవారకుండానే లేచి కూర్చుంటారు గనుక వాళ్లనే ముందు తీసుకురావచ్చు గదా అని ఒకరు అడిగారు. రూట్ల పట్టిక ఇప్పటికే లామినేషన్ చేయించి ఉందన్న సంగతి ఆయనకు తెలియదు పాపం. జీవశాస్త్రమూ బస్సూ ఇరుకు సందులో ఎదురుపడితే పక్కకు తప్పుకోవలసింది జీవశాస్త్రమే, ఎందుకంటే బస్సుకు వెనక్కి వెళ్లడం కష్టం.

తరువాత పీరియడ్ నిడివి సంగతికి వచ్చాం. ఇంత సేపు చదివితే ఇంత చదువు అబ్బుతుందనే కొలత ఎక్కడినుంచి పుట్టిందో తెలుసుకోవాలని, ఏ మహా విద్యావేత్త ఏ బాలల మనసులను పరిశీలించి దీన్ని నిర్ణయించాడో చూద్దామని భక్తిగా వెతికాం. దొరికింది పింఛను. 1905లో అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ కళాశాల ఆచార్యుల పింఛన్ల కోసం కోటి డాలర్లు ఇచ్చాడు. ఆ డబ్బు ఏయే కళాశాలలకు చెందాలో నిర్ణయించడానికి ఆయన పేరిటి ఫౌండేషన్ ఒక షరతు పెట్టింది. ఉన్నత పాఠశాలలో 14 యూనిట్ల చదువు పూర్తిచేసినవారినే చేర్చుకునే కళాశాల అయి ఉండాలి. ఒక యూనిట్ అంటే ఏడాదిలో ఒక సబ్జెక్టు మీద గడిపిన 120 గంటలు. నేర్చుకున్న గంటలు కావు, గడిపిన గంటలు. ఆచార్యులకు పింఛను కావాలి, కళాశాలలకు ఆచార్యులు కావాలి, అందువల్ల పిల్లలు గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. ఒక ముసలాయన నిశ్చింతగా పదవీ విరమణ చేయడం కోసం పదిహేనేళ్ల పిల్లవాడు బెంచీ మీద కూర్చోవడంలో ఉన్న తరాల మధ్య అనుబంధాన్ని తలుచుకుని మాలో కొందరికి కళ్లు చెమర్చాయి. అదే ఫౌండేషన్ 2015లో తన కొలతను తానే పరీక్షించుకుని, లోపాలు ఉన్నప్పటికీ దీని చోట నిలబెట్టేందుకు మరొకటి సిద్ధంగా లేదని తేల్చింది. వందేళ్లకు పైగా నడిచిన తప్పును సరిదిద్దడానికి తొందరపడటం పెద్దమనుషుల లక్షణం కాదు.

ఈ కొలతకు కట్టుబడి ఉంటూనే మేము ఒక స్వతంత్ర గణన చేశాం, అందుకు ఎవరి సహాయమూ తీసుకోలేదు. రోజుకు ఏడు పీరియడ్లు, ఒక్కొక్కటి 45 నిమిషాలు అనుకుందాం. ఒక గదినుంచి మరో గదికి నడవడానికి అయిదేసి నిమిషాల చొప్పున ఆరుసార్లు, అంటే అరగంట. ప్రతి పీరియడ్‌లోనూ హాజరు పిలిచి, తలుపు దగ్గర నిలబడ్డవాణ్ణి లోపలికి రమ్మని, నిన్న ఎక్కడ ఆపామో వెతుక్కునేసరికి మరో అయిదు నిమిషాలు, అంటే ఏడు పీరియడ్లకు 35 నిమిషాలు. మొత్తం రోజుకు 65 నిమిషాలు. బడి ఏడాదికి 180 రోజులు నడిస్తే ఇది 195 గంటలు. పైన చెప్పిన కొలత ప్రకారం 120 గంటలకు ఒక యూనిట్ గనుక, మన పిల్లలు ప్రతి ఏడాదీ నడకలోనూ హాజరు పలకడంలోనూ ఒకటిన్నర యూనిట్లకు పైగా పూర్తిచేస్తున్నారు. దీనికి ఇంతకాలం పరీక్షగాని, సర్టిఫికెట్ గాని లేకపోవడం అన్యాయమని, వసారా శాస్త్రం అనే పేరుతో దీన్ని ప్రధాన పాఠ్యాంశంగా గుర్తించాలని నివేదికలో గట్టిగా సిఫారసు చేశాం.

ఇంత నడక ఎందుకు, పీరియడ్లనే పెద్దవి చేసి రోజుకు మూడు నాలుగు సబ్జెక్టులే పెట్టవచ్చు గదా అనే వాదన ఒకటి ఉంది. అమెరికాలో జోసెఫ్ కారల్ అనే విద్యాధికారి 1980లలో ఇలాంటి ఏర్పాటునే ప్రతిపాదించి, దానికి కోపర్నికస్ పేరు పెట్టాడు. భూమి చుట్టూ సూర్యుడు తిరగడం లేదని ఒప్పుకోవడానికే లోకానికి అంతకాలం పట్టినప్పుడు, గంట చుట్టూ పిల్లవాడు తిరగనక్కర్లేదని ఒక్క విద్యా సంవత్సరంలో ఒప్పుకోమనడం సాహసమే. పైగా భాషలు చెప్పే సభ్యుడొకరు 1885 నాటి జర్మన్ మనస్తత్వవేత్త ఎబింగ్‌హాస్‌ను తెచ్చి మా ముందు పెట్టారు. ఆయన తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, ఒక్క బిగిన వల్లెవేసిన దానికన్నా రోజుల వారీగా విడివిడిగా చదివినదే ఎక్కువ నిలుస్తుందని చూపించాడట. అయితే రోజూ కొంచెం కొంచెంగా చెప్పాలి. కాని ప్రయోగశాలలో బర్నర్ వెలిగించి, పరికరాలు అమర్చి, ఫలితం వచ్చే వేళకు గంట కొట్టకుండా ఉండాలంటే ఒక్కసారే ఎక్కువసేపు కావాలి. ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో నిడివి అవసరమని దీని అర్థమేమోనని ఒక క్షణం అనుమానం కలిగింది. అది దాటిపోయాక, 45 నిమిషాలకూ 90 నిమిషాలకూ మధ్యేమార్గంగా 67 నిమిషాల 30 సెకన్లు ఖాయం చేశాం. అర నిమిషం దగ్గర కొట్టడం తన గంటకు చేతకాదని ఎలక్ట్రీషియన్ చెప్పడంతో ఆ సంస్కరణ వీగిపోయింది.

టైంటేబుల్ జోలికి పోవడం ఎంత ప్రమాదమో చరిత్ర కూడా చెబుతోంది. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని గ్యారీ పట్టణంలో విలియం వర్ట్ అనే ఆయన, సగం మంది పిల్లలు తరగతుల్లో ఉండగా మిగతా సగం వర్క్‌షాపుల్లో, మైదానంలో, సభాభవనంలో ఉండేలా, ఏ గదీ ఒక్క క్షణం ఖాళీగా ఉండకుండా ఒక పద్ధతి కనిపెట్టాడు. గదుల దృష్టితో చూస్తే ఇది అద్భుతం. న్యూయార్క్ నగరం దాన్ని తెచ్చుకోబోతే 1917 అక్టోబరులో వేలమంది పిల్లలు వీధికెక్కి బడి కిటికీలు పగలగొట్టారు, మరుసటి నెల ఎన్నికల్లో మేయర్ ఓడిపోయాడు. ఆ ఓటమికి ఇతర కారణాలు కూడా ఉన్నాయని నేను చెప్పబోయాను గాని, మా అధ్యక్షులు అప్పటికే కిటికీల వైపు చూస్తున్నారు.

ఇక గంట గురించి. దీని మీదే సంఘం అత్యధిక కాలం వెచ్చించింది, వెచ్చించవలసినదే. ఒక రోజు మేము ఒక భౌతికశాస్త్రం తరగతిని వెనక బెంచీలో కూర్చుని పరిశీలించాం. ఏడాదంతా నోరు విప్పలేదని పేరుపడ్డ కుర్రవాడు ఒకడు, పాఠం నలభై నాలుగో నిమిషంలో చెయ్యి పైకెత్తి, పడుతున్న వస్తువుకు బరువు తెలియకపోతే అది పడుతోందని దానికెలా తెలుస్తుందని అడిగాడు. మాస్టారు చేతిలోని చాక్‌పీసు బల్ల మీద పెట్టి, వాడి వైపు తిరిగి, నోరు తెరిచారు. గంట కొట్టింది. మరుక్షణంలో ముప్ఫై ఆరు మంది లేచి, సంచులు తగిలించుకుని, మరో గదిలో మధ్యయుగాల రాజవంశాలలోకి ప్రవేశించారు. ఇంత క్రమశిక్షణతో ఆశ్చర్యాన్ని ఆపేయగల సాధనం మానవ చరిత్రలో మరొకటి లేదని నేను పుస్తకంలో రాసుకున్నాను. కుర్రవాడు మరునాడు చెయ్యెత్తలేదు. పాఠ్యప్రణాళిక ఎక్కడా కుంటుపడలేదు.

ఆలోచనకు ఒక హద్దు ఉండాలని, ఎంతటి ప్రశ్న అయినా గంటకు లోబడాలని పిల్లలు చిన్ననాడే నేర్చుకోవాలని మేము అభిప్రాయపడ్డాం. (మా సమావేశాల గదిలో కూడా ఒక గంట ఉండేది. అది కొట్టిన ప్రతిసారీ చర్చలో దారం తెగిపోతోందని సభ్యులు ఫిర్యాదు చేయడంతో రెండో సమావేశం నాడే దాని తీగ పీకించాం.)

మార్పులు వీలుకాకపోవడానికి మా చిత్తశుద్ధి లోపం కారణం కాదు, గణితశాస్త్రం కారణం. 1976లో షిమోన్ ఈవెన్, అలోన్ ఇటాయ్, ఆది షామీర్ అనే ముగ్గురు, టైంటేబుల్ కూర్చే సమస్య ఎన్‌పీ-కంప్లీట్ అని రుజువు చేశారు. కూర్చిన పట్టిక సరిగా ఉందో లేదో చూడటం తేలికే. ఎంత పెద్ద బడికైనా, ఎన్ని షరతులు పెట్టినా తప్పకుండా త్వరగా కూర్చిపెట్టే పద్ధతి మాత్రం నేటికీ ఎవరికీ దొరకలేదు. బడి తెరిచే ముందు వారంలో స్టాఫ్‌రూమ్ నేల మీద రంగురంగుల చీటీలు పరుచుకుని, ఒకే ల్యాబును ఇద్దరికి, ఒకే డ్రిల్లు మాస్టారును మూడు సెక్షన్లకు సర్దబోయి, పెన్సిల్ కన్నా రబ్బరును ముందుగా అరగదీసుకున్న మాస్టారికి ఈ సిద్ధాంతం రుజువుతో పని లేకుండానే తెలుసు. అందరి షరతులూ తీర్చలేనప్పుడు ఎవరో ఒకరి షరతును వదులుకోక తప్పదు. గదికి, బస్సుకు, గంటకు, ఉద్యోగ నిబంధనలకు షరతులు ఉన్నాయి. పిల్లలు తమ షరతులను లిఖితపూర్వకంగా సమర్పించలేదు.

వారికి అవకాశం ఇవ్వలేదనడం మాత్రం అబద్ధం. పన్నెండు ప్రశ్నల పత్రం ఒకటి తయారుచేసి మొదటి పీరియడ్‌లోనే పంచాం. కొందరు దాని మీద తల ఆనించి విశ్రాంతి తీసుకున్నారు. అధిక సంఖ్యాకుల పత్రాలు మూడో ప్రశ్న దగ్గరే ఆగిపోయాయి, ఆ లోపే గంట కొట్టింది గనుక. ఒక అమ్మాయి మాత్రం చివరి ప్రశ్నకు వెళ్లి, మీరు ఏం మార్చాలనుకుంటున్నారు అన్నచోట "నాకు పొద్దున్న" అని రాసి ఆపేసింది. వాక్యం అసంపూర్ణం కావడంతో ఆ అభిప్రాయాన్ని లెక్కలోకి తీసుకోలేకపోయాం.

ఈ విధంగా ఏడు నెలల పాటు అన్ని కోణాలనుంచీ ఆలోచించి, బడి వేళలు, పీరియడ్ల సంఖ్య, నిడివి ఇప్పుడున్నట్టే ఉంచి, గంట శబ్దాన్ని మాత్రం కాస్త మృదువైనదిగా మార్చాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఎంత మృదువుగా ఉండాలో తేల్చేందుకు ముగ్గురితో ఉపసంఘం వేశాం. అది వచ్చే మంగళవారం, అందరికీ బుర్ర చురుగ్గా పనిచేసే వేళ చూసి, పదకొండు గంటలకు సమావేశమవుతుంది. ఆ అమ్మాయిని కూడా పిలిచి వాక్యం పూర్తి చేయించుకుంటే బాగుంటుందని నేను సూచించాను. అందరూ సంతోషంగా ఒప్పుకున్నారు గాని, పదకొండింటికి ఆమెకు అయిదో పీరియడ్ ఉందట.