రూకీ కార్డు ధర పడింది: అమ్మాలా, ఆగాలా?

గాజువాకలో ఒక డాబా, ఆదివారం సాయంత్రం. బావకు ఫిషింగ్ హార్బర్‌లో రొయ్యల కొనుగోలు వ్యాపారం. బావమరిదికి రుషికొండలో ఐటీ ఉద్యోగం. జీతంలో కొంత అమెరికన్ బాస్కెట్‌బాల్ కార్డుల మీద పెడుతుంటాడు. ఆటగాడు లీగ్‌లో అడుగుపెట్టిన కొత్తలో వచ్చే తొలి కార్డును రూకీ కార్డు అంటారు. 'కాబోయే సూపర్‌స్టార్' అని అందరూ ఊగిపోతున్నప్పుడు ఒక కొత్త కుర్రాడి రూకీ కార్డు కొన్నాడు. ఇప్పుడది కొన్న ధరలో పావు వంతు పలుకుతోంది. అమ్మేయమని బావ, అమ్మనని మరిది. మేనరికం, చిన్నప్పటి నుంచీ కలిసి పెరిగినవాళ్లు, కాబట్టి మొహమాటాల్లేవు.

బావ: ఏదీ, ఇలా ఇవ్వు. (ట్యూబులైటు కింద అటూ ఇటూ తిప్పాడు. గట్టి ప్లాస్టిక్ డబ్బా, పైన ఎర్ర అంచు లేబుల్, దాని మీద ఆటగాడి పేరు, కార్డు ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూసి గ్రేడింగ్ కంపెనీ ఇచ్చిన 10 అనే గ్రేడు, అంటే పూర్తి మార్కులు, సర్టిఫికెట్ నంబరు. లోపల కార్డు వెండి రంగులో తళతళలాడుతోంది.) బాగుందిరా. అమ్మేయ్.

మరిది: బాగుందన్న నోటితోనే అమ్మేయమంటావేటి బావా? కుర్రాడికి మోకాలి గాయం, అంతే. కోలుకుంటాడు. ధోనీ సంగతి గుర్తులేదా? 2005 ఏప్రిల్ 5న మన వైజాగ్‌లో పాకిస్తాన్ మీద 148 కొట్టాడు. అది అతని ఐదో వన్డే. అంతకుముందు నాలుగింటిలో 0, 12, 7 నాటౌట్, 3. అవి చూసి ధోనీ కార్డు అమ్ముకున్నవాడు ఎవడైనా ఉంటే ఈపాటికి తల బాదుకునేవాడు.

బావ: ఆ నాలుగు మ్యాచ్‌లప్పుడు ధోనీ కోసం ఎవడు ఎగబడ్డాడు? కార్డంటూ ఉంటే చిల్లర డబ్బులకు దొరికేది. అలా కొన్నవాడు ఎన్నాళ్లు ఆగినా పోయేదేం లేదు. నువ్వలా కొనలేదుగా. 148 కొట్టేశాక ఉండాల్సిన ధర, కొట్టకముందే కట్టేశావు.

మరిది: సరే, అమెరికా లెక్కే చెప్తా. అమెరికన్ ఫుట్‌బాల్ దిగ్గజం టామ్ బ్రాడీని 2000 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే చోట, 199వ వాడిగా తీసుకున్నారు. అతని సంతకం ఉన్న రూకీ కార్డు ఒకటి 2021లో 31 లక్షల డాలర్లు పలికింది.

బావ: అది నా వైపు సాక్ష్యం రా అబ్బాయ్! ఆ రకం కార్డులు వేసిందే 100. నీ రకం ఎన్ని వేశారు?

మరిది: కంపెనీ చెప్పదు.

బావ: పోనీ, గ్రేడింగ్ కంపెనీ లెక్క ఉంటుందిగా. 10 వచ్చినవి ఎన్ని?

మరిది: నేను కొన్నప్పుడు కొన్ని వందలే.

బావ: ఇప్పుడు?

మరిది: ...వేలల్లో ఉన్నాయి.

బావ: చూశావా. బోట్లన్నీ ఒకే తెల్లవారుజామున ఒడ్డుకు చేరితే వేలంలో టైగర్ రొయ్యకైనా ధర ఉండదు. రొయ్య తప్పా అది? హైప్ ఉన్న కుర్రాడి కార్డు ప్యాక్‌లోంచి రాగానే జనం గ్లవ్స్ వేసుకుని మరీ తీసి గ్రేడింగ్‌కు పంపిస్తారు. 2021లో పీఎస్ఏ అనే గ్రేడింగ్ కంపెనీ అయితే కార్డులు కుప్పలుగా పేరుకుపోయి చాలా రకాల సర్వీసులు కొన్నాళ్లు ఆపేసింది. నువ్వు డబ్బు పెట్టావని తెలిశాక నేనూ చదివాలే.

మరిది: ఎన్ని ఉన్నా, కుర్రాడు నిజంగా గొప్పవాడైతే కొనేవాళ్లూ పెరుగుతారు కదా?

బావ: అయితే గ్రిఫీ కథ విను. 1989లో అప్పర్ డెక్ కంపెనీ తన మొట్టమొదటి బేస్‌బాల్ సెట్‌లో కెన్ గ్రిఫీ జూనియర్‌ను 1వ నంబరు కార్డుగా వేసింది. కార్డు తయారయ్యేనాటికి అతను మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఉత్త జోస్యం. ఆ జోస్యం ఫలించలేదా అంటే, అక్షరాలా ఫలించింది! 630 హోమ్ రన్లు కొట్టాడు. 2016లో 440 ఓట్లకు 437 తెచ్చుకుని బేస్‌బాల్ దిగ్గజాల హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లాడు. ఆ కార్డును ప్రాణంగా చూసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ పీఎస్ఏ 10 వచ్చినవే నాలుగు వేలకు పైగా ఉన్నాయి. గ్రేడు లేనిదైతే మన బోటివాళ్లం కూడా ఆలోచించకుండా కొనుక్కోవచ్చు. ఆటగాడి మీద నీ నమ్మకం నిజమై కూడా కార్డు మీద డబ్బు రాకపోవచ్చురా. నువ్వు ఈ రెంటినీ ఒకటే అనుకుంటున్నావు.

(మరిది కాసేపు మాట్లాడలేదు. నన్నడిగితే బావ ఇక్కడితో ఆపేయాల్సింది. ఆపలేదు.)

బావ: ఇంకోటి. 2022లో 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడైన బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ కార్డు 1952లో టాప్స్ కంపెనీ వేసింది. అసలది రూకీ కార్డే కాదు! అతని రూకీ 1951లో బౌమన్ కంపెనీ వేసింది. ఆ 1952 కార్డుల్లో అమ్ముడుపోని పెట్టెల్ని తర్వాత సముద్రంలో పారబోశామని టాప్స్‌లో పనిచేసిన సై బెర్గర్ చెప్పేవాడు.

మరిది: నాకోసం ఎవడూ సముద్రంలో పారబోయడుగానీ, బాస్కెట్‌బాల్ దిగ్గజం మైకేల్ జోర్డాన్‌కు జవాబు చెప్పు. 1986లో ఫ్లీర్ కంపెనీ వేసిన జోర్డాన్ రూకీ, పీఎస్ఏ 10, 2021 జనవరిలో 7,38,000 డాలర్లు. ఏడాది తిరిగేసరికి అందులో సగం కూడా రాలేదు. ఆ ఏడాదిలో జోర్డాన్ ఆట ఏమన్నా తగ్గిందా? రిటైరై ఎన్నేళ్లో అయింది. అంటే దిగింది మార్కెట్టు. లాక్‌డౌన్ రోజుల్లో పనిలేక కొన్నవాళ్లు వెళ్లిపోయారు. నా కార్డూ ఆ గాలికే పడింది, కుర్రాడిలో దమ్ము లేక కాదు.

(ఈ మాటలో పస ఉంది. బావ కూడా తలూపాడు.)

బావ: ఒప్పుకుంటా. కానీ జోర్డాన్ లెక్క ముగిసిపోయింది. ఆరు టైటిళ్లూ ఎవరూ వెనక్కి తీసుకోలేరు. నీ కుర్రాడి మీద మార్కెట్టు భయం ఒకటి, మోకాలి భయం ఒకటి. పైగా కొత్త కుర్రాళ్లు ఏటా వస్తూనే ఉంటారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ట్రే లాన్స్ ఏమయ్యాడు? మూడు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, అంటే డ్రాఫ్ట్‌లో మొదటి విడత వంతులు, ధారపోసి 2021లో మూడో స్థానంలో తీసుకున్నారు. 2023లో ఒక్క నాలుగో రౌండ్ పిక్‌కు వదిలించుకున్నారు. అతని చోటు పట్టేసిన బ్రాక్ పర్డీ 2022 డ్రాఫ్ట్‌లో చిట్టచివరివాడు, 262.

మరిది: బేస్‌బాల్ కుర్రాడు పాల్ స్కీన్స్ కార్డుకు 2025లో 11 లక్షల డాలర్లు దాటలేదా? ప్యాక్‌లో దొరికింది పదకొండేళ్ల పిల్లాడికి!

బావ: అది ప్రపంచంలో ఒక్కటే ఒక్కటి. నీ దగ్గరుందా?

మరిది: లేదు. సరే, నీ మాటే విని ఇప్పుడు అమ్మాననుకో. వేలం సైటు కమిషన్ పోయె, షిప్పింగ్ పోయె. కొన్నప్పుడు కట్టిన కస్టమ్స్ ఎలాగూ రాదు. ఆ మిగిలిందానికి నాలుగు బిర్యానీలు వస్తాయి. దానికన్నా డబ్బా బీరువాలో ఉంచుకుంటే నాకు సంతోషం. ఆ ఆట అంటే నాకిష్టం బావా, నువ్వు దాన్ని లెక్కలోకే తీసుకోవట్లేదు.

బావ: ఇష్టమని ఉంచుకో, నేనెందుకు కాదంటాను? పెరుగుతుందని మాత్రం చెప్పకు. అమ్మేదుంటే అక్టోబరులో సీజన్ మొదలయ్యే ముందు పెట్టు. ఈసారి ఇరగదీస్తాడని అందరూ అనుకునేది అప్పుడే. మ్యాచ్‌లు మొదలయ్యాక మోకాలు ఏమంటుందో ఎవరికి తెలుసు?

మరిది: ఆ వారం చూద్దాం. అప్పటిదాకా కొన్న ధర అక్కకు మాత్రం చెప్పకు.

బావ: నన్ను మేడెక్కించింది మీ అక్కేరా.