గడియార స్తంభం సెంటరులోని ఫ్లెక్సీ గారికి ఒక డిజైనరు విన్నపం

మహారాజశ్రీ ఫ్లెక్సీ గారి సముఖమునకు,

అమలాపురం గడియార స్తంభం సెంటరులో గంట ఎంతయిందో ఎవరికీ కనబడనీయకుండా నాలుగు దిక్కులా కొలువుతీరి ఉన్న తమకు, తమ కొలువులోనే ఆరేళ్లుగా డిజైనరుగా ఊడిగం చేస్తున్న ఈ అల్పుడు రాసుకుంటున్న విన్నపం. అంబాజీపేట దగ్గరి పల్లెలో పుట్టిన నన్ను మా నాన్నగారు కొబ్బరి దింపు డబ్బుకు సార్వా ధాన్యం డబ్బు కలిపి నగరానికి పంపి, ప్రకటనలు, ప్రసార మాధ్యమాల కోర్సులో చేర్పించారు. ఆ కాలేజీ వారి రంగుల పుస్తకంలో కాపీరైటర్, విజువలైజర్, అకౌంట్ ఎగ్జిక్యూటివ్, మీడియా ప్లానర్, విలేకరి అంటూ అవకాశాల జాబితా ఒక పేజీ పొడవున ఉంది గానీ, ఆ ఉద్యోగాలన్నీ చివరికి ఒకే కుర్చీలో, ఒకే మనిషికి, ఒకే జీతం మీద దొరుకుతాయన్న సంగతి మాత్రం అచ్చు వేయడం మరిచిపోయారు.

ఆ కుర్చీ తమ ప్రింటింగ్ షాపులో ఉంది. ఉదయం ఆర్డరు రాసుకునేటప్పుడు నేను అకౌంట్ ఎగ్జిక్యూటివ్‌ను. పాత బాకీ గుర్తుచేయగానే ఆ హోదా పోతుంది. ఫొటోషాప్ తెరిస్తే విజువలైజర్‌ను. ఎర్రవంతెన దగ్గర కడితే మంచిదా, నల్లవంతెన దగ్గరా అన్నది తేల్చేటప్పుడు మీడియా ప్లానర్‌ను. సరుగుడు కర్రల ఫ్రేముకు మేకులు కొట్టే కుర్రాడు రాని రోజున ఏమవుతానో ఆ పుస్తకంలో లేదు. పత్రికలు ప్రకటనల సంస్థలకు 15 శాతం కమీషన్ ఇవ్వడం ఆనవాయితీ అని మాకు పాఠం చెప్పారు. ఇక్కడ కమీషన్ ఆర్డరు తెచ్చిన అనుచరుడికి పోతుంది, ఆ అనుచరుడి పుట్టినరోజు ఫ్లెక్సీ ఉచితంగా పోతుంది.

అయితే తమ దగ్గర అబ్బినంత విద్య నాకు కాలేజీలో అబ్బలేదని ఒప్పుకోవాలి. చూసేవాడి కన్ను మొదట ఎక్కడ పడుతుందో చదివి వచ్చిన నేను, అది మొదట తన ఫొటో మీదా, ఆ వెంటనే పక్కవాడి ఫొటో తనకన్నా ఎంత పెద్దదన్న దాని మీదా పడుతుందని ఇక్కడే తెలుసుకున్నాను. పై వరుసలో రాష్ట్ర నాయకులు, వారి కింద నియోజకవర్గ నాయకుడు, ఆయన పక్కన నమస్కారం పెడుతూ ఖర్చు భరించిన పెద్దమనిషి, అడుగున పాస్‌పోర్టు సైజులో ఊరి యువకులు పాతికమంది ఉండే ఆ క్రమంలో ఒక్క తల అర అంగుళం జరిగినా ఊళ్లో రెండు వర్గాలు ఏర్పడతాయి. ఒకసారి కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి స్వాగత ఫ్లెక్సీ వేస్తూ, ఏకాదశ రుద్రులను ఊరేగించే ప్రభలకు చోటు చాలక పాతికమందిలో ఇద్దరిని తగ్గించాను. రుద్రులు పదకొండుమందీ ఏమీ అనలేదు గానీ, ఆ ఇద్దరూ అర్ధరాత్రి షాపు తలుపు కొట్టారు. తెల్లవారేసరికి ప్రభలు మూడుకు తగ్గాయి, మనుషులు నిండుగా నిలిచారు. ప్రకటనలో సరుకు కనబడాలని సూత్రం చెప్పిన మా మాస్టారు అది చూసి ఉంటే, సరుకు ఏదో ఆయనకూ బోధపడేది.

కాపీరైటర్ ఉద్యోగం సంగతి వేరే మనవి చేసుకోవాలి. పేరు, తేదీ తప్ప ఏమీ మారని ఆ నాలుగు వాక్యాలలో నా ప్రతిభకు దొరికిన ఏకైక చోటు "హార్ధిక శుభాకాంక్షలు"లో ఒత్తు తీసేయడం. తీసేసి "హార్దిక" అని వేస్తే, ఆర్డరిచ్చిన పెద్దమనిషి వచ్చి తన శుభాకాంక్షలు పలచబడ్డాయని గొడవపడ్డాడు. "ఒత్తు ఉంటేనే గట్టిగా ఉంటదండీ, డబ్బులిచ్చేది నేను కదా" అన్నాడు. శ్రద్ధాంజలి ఫ్లెక్సీలలో మాయమవుతున్న ఒత్తు ఎక్కడికి పోతోందో నాకు ఆ రోజే అర్థమైంది. పోయినవారి దగ్గర మిగిల్చినది పుట్టినరోజుల వారికి ఖర్చు పెడుతున్నారు.

మధ్యలో ఒక ఏడాది తమను విడిచి పత్రికలో చేరే దురాశ కూడా కలిగింది. మండల విలేకరిగా లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన వరుసలను కొలిచి ఇచ్చే డబ్బు మీద పనిచేశాను. రాసిన వార్త కన్నా తెచ్చిన ప్రకటన ముఖ్యమనీ, ఆగస్టు 15, జనవరి 26, సంక్రాంతి అనేవి పండుగలు కావు టార్గెట్లనీ అక్కడ తెలిసింది. ప్రకటన కోసం నేను కూర్చున్న అరుగులన్నీ తమ కోసం ఫొటోలు పంపే ఇళ్లవే కావడంతో, వారి మీద వార్త రాసే దారి మూసుకుపోయింది. మిగిలినవారి మీద రాస్తే చదివేవారు లేరు. యూట్యూబ్ చానల్ పెట్టిన నా మిత్రుడు మైకుకు లోగో తగిలించి రొయ్యల మేత డీలర్ల వెంట తిరుగుతున్నాడు. ఆ లోగో కూడా మన షాపులోనే వేశాం, బాకీ ఉంది.

తమకన్నా ముందు ఈ గోడల మీద కుంచెతో రాసిన పెయింటర్లకు ఒక్కొక్కరికి ఒక్కో దస్తూరీ ఉండేదనీ, అక్షరం చూసి రాసిందెవరో చెప్పేవారనీ నాన్నగారు అంటారు. 1933లో ఈ డెల్టాలోనే, నరసాపురంలో పుట్టిన బాపు గారి చేతిరాత మాత్రం కంప్యూటరు ఫాంటుగా మారి తమ మీదికి చేరింది. దానిని కూడా అడ్డంగా సాగదీసి, ఎర్ర అంచు కట్టి, బంగారు రంగు పోసిన పాపం నాదే.

2022లో రాష్ట్ర ప్రభుత్వం తమపై నిషేధం ప్రకటించినప్పుడు మా యజమాని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ నిర్ణయానికి ధన్యవాదాలు తెలుపుతూ ఫ్లెక్సీ కావాలని మూడో రోజు ఒకాయన వచ్చాక కోలుకున్నారు.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు కళ్లాల్లో ధాన్యం తడుస్తుంటే బరకాలు దొరకలేదు. షాపులో పడి ఉన్న పాత ఫ్లెక్సీలు నాలుగు చుట్టి బండి మీద ఊరికి తీసుకువెళ్లాను. నా చదువుకు నాన్నగారు పెట్టిన డబ్బులో ఇంటికి తిరిగి వచ్చినది ఇంతవరకు ఆ నాలుగే. ఆయన వాటిని రాశి మీద బొమ్మవైపు కిందికి తిప్పి పరుస్తుంటే, రంగు ధాన్యానికి అంటుతుందేమోనని అడ్డు చెప్పాను.

"బొమ్మ పైకుంటే ఈ ధాన్యం కూడా ఆయనే ఇచ్చాడనుకుంటారురా" అన్నారు నాన్నగారు, నాలుగు మూలలా ఇటుకలు పెడుతూ.

ఇట్లు,
బకాయిలతో సహా తమ విధేయుడు,
కాపీరైటర్, విజువలైజర్, మీడియా ప్లానర్ (ఒక్కడే)