కష్టం చెప్పుకోవద్దనే ఆ మెసేజ్‌కి నా జవాబు

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది ఆ మెసేజ్. పొద్దుపొడుపు బొమ్మ మీద "బలవంతుడి లక్షణాలు" అని పెద్ద అక్షరాలు. కష్టం ఎవరికీ చెప్పుకోకు, సగం మందికి పట్టదు, మిగతా సగం సంతోషిస్తారట. ఇంటిగుట్టు లంకకు చేటట. ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదట. ఒకరి సాయం తీసుకుంటే జీవితాంతం తలవంచుకుని బతకాలట. చెప్పుకుంటే దిష్టి కూడా తగులుతుందట. ఎప్పటిలా చెరిపేద్దామనుకున్నాను. కానీ నాలుగోది రాత్రి ఒకటీ నలభైకి వచ్చింది. పంపినవాడు రెండు నెలలుగా ఉద్యోగం లేక, ఇంట్లో చెప్పలేక తిరుగుతున్న మా స్నేహితుడు.

దిష్టి తీయాలన్నా ఇంకో మనిషి చెయ్యి కావాలి. ఆ మాట అక్కడితో సరి.

లంక విషయానికొస్తే, విభీషణుడు తన బాధ ముందు చెప్పుకున్నది ఇంట్లోనే, అన్న కొలువులోనే. వినలేదు కాబట్టే గడప దాటాడు. ఇంట్లో వినే చెవి ఉంటే గుట్టు బయటికెందుకు పోతుంది?

నాకు ఒళ్లు మండేది మూడో మాట. ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదా? సీత కనబడక చెట్టునీ పుట్టనీ అడుగుతూ ఏడ్చాడు రాముడు. కబంధుడు చెబితే సుగ్రీవుణ్ణి వెతుక్కుంటూ వెళ్లాడు, అగ్నిసాక్షిగా స్నేహం చేసుకున్నాడు. ఆయన్ని ఓదార్చిన సుగ్రీవుడు కూడా భార్యను పోగొట్టుకున్నవాడే. రాముడి కథ వింటూ పెరిగిన మనం, పదేళ్ల పిల్లాడు ఏడిస్తే "ఆడపిల్లలా ఏంట్రా" అంటాం. వాడు నోరు మూసుకోవడం నేర్చుకుంటాడు. 2022లో మన దేశంలో ప్రాణాలు తీసుకున్నవాళ్లు 1,70,924 మంది అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. పదిమందిలో ఏడుగురు మగవాళ్లు. కారణాల్లో కుటుంబ సమస్యలు, జబ్బులు కలిపితేనే సగం. ఒకరితో చెప్పుకుంటే అన్నీ తీరిపోతాయని అనను. కానీ చెప్పుకోదగ్గ బాధలే కదా అవి! ప్రాణం తీసుకోబోయినవాణ్ణి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలి, ఆదుకోవాలి అని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది. చట్టం చూపించిన జాలి మన ఫార్వర్డులకు లేదు. దయచేసి ఆ వాక్యం ఒక్కటైనా ఎవరికీ పంపకండి.

ఇక సాయం తీసుకుంటే తల వంచుకోవాలన్న మాట. అమ్మకు పక్షవాతం వచ్చి మంచం పట్టినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ఎవరొచ్చినా "పర్లేదండీ, నేను చూసుకుంటా" అనేదాన్ని. మూడో నెలలో ఒక మధ్యాహ్నం మా పెద్దమ్మ చెప్పాపెట్టకుండా బస్సు దిగి వచ్చింది. నన్ను ఏమీ అడగలేదు. పక్కగుడ్డలు తీసి బకెట్లో నానబెట్టింది, అమ్మను ఒక పక్కకు తిప్పి వీపంతా పౌడర్ రాసింది. "నువ్వెళ్లి పడుకోవే" అంది. నేను లేచేసరికి తెల్లారిపోయింది, దండెం మీద దుప్పట్లు ఆరిపోయి ఉన్నాయి. స్టీలు గిన్నెలో చారు, పక్కనే వేయించిన అప్పడం. అది తింటూ ఏడ్చాను. ఆరోజు నా తల ఎక్కడా వంగలేదు. మన ఊళ్లలో చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, చుట్టుపక్కలవాళ్లే అన్నం తెస్తారు. ఆ అన్నం తిన్నందుకు సిగ్గుపడ్డవాళ్లను చూశారా?

మొదటి మాటలో మాత్రం కొంత నిజముంది, ఒప్పుకుంటాను. అమ్మ సంగతి ఒక పెళ్లిలో దగ్గరి బంధువుతో చెప్పాను. భోజనాలు పూర్తయ్యేలోగా పందిరంతా తెలిసింది, "కూతురు విసుక్కుంటోందట" అని ఇంకో ముక్క కలిసి మరీ. "నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా" అనేవాళ్లూ తగులుతారు. కాబట్టి అందరికీ చెప్పక్కర్లేదు, ఒక్కరు చాలు. ఆ ఒక్కరూ లేరనిపిస్తే 14416కి ఫోన్ చేయండి. మనసు బాగోలేనివాళ్లు ఫోన్‌లో మాట్లాడేందుకు 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ అది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీపగలూ తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆ ఒకటీ నలభై మెసేజ్‌కి పొద్దున్నే ఫోన్ చేశాను. ఎత్తలేదు. పదింటికి మళ్లీ చేస్తే "ఏం లేదు, బాగానే ఉన్నా" అని పెట్టేశాడు. సాయంత్రం వాళ్లింటికి వెళ్తున్నాను, చెప్పకుండానే.