సవరణ: యాప్ లింకుల పోస్టులో వేలిముద్ర తప్పు

వెబ్ లింకు నొక్కితే ఆండ్రాయిడ్ యాప్‌లో సరిగ్గా ఆ వస్తువు పేజీయే తెరుచుకునేలా చేయడం గురించి రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. దాన్ని చూసి పని మొదలుపెట్టినవాళ్లు దయచేసి ఇవి సరిచూసుకోండి.

మొదటిది పెద్దది. సైటు, యాప్ ఒకరివేనని చెప్పేందుకు వెబ్‌సైట్‌లో ఉంచే అసెట్‌లింక్స్ డాట్ జేసన్ ఫైల్‌లో, మీ కంప్యూటర్‌లోని కీస్టోర్ (యాప్‌పై సంతకం చేసే కీ దాచే ఫైల్) నుంచి తీసిన ఎస్‌హెచ్‌ఏ-256 వేలిముద్ర (ఆ కీని గుర్తుపట్టే పొడవాటి కోడ్) పెట్టమన్నాం. ప్లే యాప్ సైనింగ్ (యాప్‌పై చివరి సంతకం గూగులే చేసే పద్ధతి) వాడేవాళ్లకు అది చాలదు. మీ దగ్గరున్నది యాప్‌ను స్టోర్‌కు పంపేటప్పుడు వాడే అప్‌లోడ్ కీ మాత్రమే. స్టోర్ నుంచి ఫోన్‌లోకి దిగే యాప్‌పై గూగుల్ దగ్గరున్న వేరే కీతో సంతకం పడుతుంది. అందుకే మీ ఫోన్‌లో చక్కగా పనిచేసిన లింకు వాడుకరుల దగ్గర పనిచేయదు. ప్లే కన్సోల్‌లో యాప్ సైనింగ్ పేజీ తెరిచి, యాప్ సైనింగ్ కీ కింద ఉన్న వేలిముద్ర తీసుకోండి. ఆ ఫైల్‌లో వేలిముద్రలకు ఉన్నది జాబితా కాబట్టి రెండూ పెట్టవచ్చు. ఫైల్ హెచ్‌టీటీపీఎస్‌లో, దారి మళ్లింపు లేకుండా నేరుగా రావాలి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న చిరునామాకు మళ్లిస్తే చాలు, ధ్రువీకరణ (సైటు, యాప్ ఒకరివేనని ఫోన్ చేసే తనిఖీ) విఫలమవుతుంది.

రెండోది: ధ్రువీకరణ విఫలమైతే ఏ యాప్‌లో తెరవాలో ఫోన్ అడుగుతుందన్నాం. ఆండ్రాయిడ్ 12 నుంచి అడగదు, మామూలుగా నేరుగా బ్రౌజర్‌కు పోతుంది. తెరపై ఎర్రర్ కూడా కనబడదు. కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలు పంపే ఏడీబీ సాధనంతో, ‘ఏడీబీ షెల్ పీఎం గెట్-యాప్-లింక్స్’ అని కొట్టి పక్కన మీ యాప్ ప్యాకేజీ పేరిస్తే, మీ డొమైన్ ఎదురుగా ‘వెరిఫైడ్’ అని రావాలి. 1024 లాంటి అంకె వస్తే ధ్రువీకరణ కాలేదన్నమాట; ముందు పైన చెప్పిన వేలిముద్ర, దారి మళ్లింపు చూడండి.