బహువచనానికి బ్రేక్ దర్శనం

ఇంగ్లీషు బహువచనాల రూల్సు పెట్టిన మహానుభావుడెవరో గానీ, తిరుమల క్యూలైన్లు చూసి వెళ్లాకే పెట్టినట్టున్నాడు. సామాన్య పదాలన్నీ చివర ఎస్ తగిలించుకుని సర్వదర్శనంలో నిలబడాలి. ఎక్స్, ఎస్‌హెచ్ లాంటి తోకలున్నవి ఈఎస్ టోకెన్ తీసుకుని పక్క లైనులోకి పోవాలి. మ్యాన్, ఫుట్, టూత్ మాత్రం సిఫార్సు లేఖతో దిగుతాయి. ఎస్సూ లేదు, గిస్సూ లేదు. లోపల అచ్చు మార్చుకుని మెన్, ఫీట్, టీత్ అంటూ దర్జాగా బయటపడతాయి.

ఈ లేఖ ఎవరిచ్చారని ఆరా తీస్తే వెయ్యేళ్లకు పైబడిన వ్యవహారం తేలింది. ఫుట్, టూత్ లాంటి మాటల బహువచనంలో అప్పట్లో చివర 'ఇ' లాంటి ధ్వని ఉండేది. అది ముందున్న అచ్చును తనవైపు లాగి, ఆనక తాను రాలిపోయింది. లేఖ ఇచ్చిన నాయకుడు పోయినా లేఖ చెల్లుతూనే ఉంది! పాపం బుక్ కూడా ఒకప్పుడు ఈ కోటాలోదే. ఆ దారిలోనే వచ్చి ఉంటే ఇవాళ మన పిల్లలు సంచీల్లో 'బీచ్' మోసుకెళ్లేవాళ్లు. మధ్యలో ఎవరో దాని పలుకుబడి తీసేశారు, జనరల్ లైనులో పడింది.

చివర 'ఓ' (O) ఉన్న పదాల దగ్గర అన్యాయం మరీ ఎక్కువ. టొమాటో, పొటాటోలకు ఈఎస్ ఉండి తీరాలి. ఫోటో, పియానోలకు ఉత్త ఎస్ చాలు. మ్యాంగోకు ఏది పెట్టినా ఒప్పే. అంటే మా చిత్తూరు తోతాపురికి ఉన్న వెసులుబాటు మదనపల్లె టొమాటోకు లేదు. మార్కెట్లో రేటు రాలినా ఆ 'ఈ' (E) మాత్రం రాలదు. 1992లో అమెరికా ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ న్యూజెర్సీలో ఒక బడికి వెళ్లి, బోర్డు మీద పిల్లాడు సరిగ్గా రాసిన ఒక్క పొటాటోకు కూడా చివర 'ఈ' పెట్టించారు. ఏలినవారికే ఇంత టెన్షన్ ఉంటే బోర్డు మీద స్పెల్లింగ్ తప్పిన టిఫిన్ సెంటర్ ఓనర్‌ని ఏమంటాం?

లగేజ్ సంగతి చెప్పకపోతే పాపం. అలిపిరిలో నడకదారి భక్తుల మూటలు, సూట్‌కేసులు, గోనెసంచులు గుట్టగా పడున్నా గ్రామర్ ప్రకారం అదంతా ఏకవచనమే. (మన పాలు గిన్నెలో చుక్క మిగిలినా బహువచనమే. ఇంటి గుట్టు, వదిలేయండి.)

ఇక లాడ్జీల బోర్డులు. రూమ్ రాసి, పైన కామా వేలాడదీసి, అప్పుడు ఎస్ పెడతారు. పండితులు నవ్వుతారు గానీ, దీని వెనక ఆర్థికశాస్త్రం ఉంది. పెయింటర్ల కాలంలో అక్షరానికి ఇంతని లెక్క, కాబట్టి ఎవరూ ఒక్క చుక్క ఎక్కువ రాయించేవారు కాదు. ఫ్లెక్సీ వచ్చాక స్క్వేర్ ఫీట్ లెక్క, కామా ఫ్రీ. డబ్బు కట్టినవాడు ఫ్రీగా వచ్చేది ఎందుకు వదులుకుంటాడు? ఈ మధ్య నేనూ ఒక ఫ్లెక్సీ కొట్టించాను. బిల్లులో 'ఫీట్స్' అని ఉంది. బహువచనం రెండుసార్లు వేశాడు, డబ్బులు మాత్రం ఒక్కసారే తీసుకున్నాడు.